పసిపిల్లల రక్తపరీక్షలు: ఏ అంకెను దేనితో పోల్చాలి, ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి

రెండేళ్ల పాప. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు, జ్వరం. చేతికొచ్చిన రిపోర్టులో తెల్లకణాలు 13,500, పక్కన పైకి బాణం. తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లు 58 శాతం, మళ్లీ పైకి బాణం. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (లివర్, ఎముకల నుంచి వచ్చే ఎంజైమ్) 290, ఇంకో బాణం. ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) 76, కిందికి బాణం. క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) 0.9, దాని పక్కన ఏ గుర్తూ లేదు.

ఈ ఐదింటిలో ఆ పాపను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది గుర్తు లేని ఆ చివరి అంకె వల్ల. మిగతా నాలుగూ ఆ వయసుకు మామూలే. రిపోర్టులో ‘నార్మల్’ గడిలో అచ్చయ్యే అంకెలు చాలా ల్యాబుల్లో పెద్దవాళ్లవి. క్రియాటినిన్ 1.2 దాకా పరవాలేదన్నది పెద్దవాళ్ల లెక్క. రెండేళ్ల పిల్లల్లో అది 0.2 నుంచి 0.5 మధ్య ఉంటుంది. పిల్లల కిడ్నీల పనితీరు అంచనాకు వాడే ష్వార్ట్జ్ సూత్రం తేలికే: ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో గుణించి, క్రియాటినిన్‌తో భాగించాలి. పాప ఎత్తు 85 సెంటీమీటర్లయితే జవాబు 39 వస్తుంది. రెండేళ్లు నిండిన ఆరోగ్యవంతమైన పిల్లల్లో ఇది 90కి పైన ఉండాలి. ఒంట్లో నీరు ఇంకిపోయి కిడ్నీలు నలుగుతున్నాయి, కాగితం మాత్రం అంతా బాగుందంటోంది. క్రియాటినిన్ ఇంకా పెరుగుతూనే ఉంటే, అసలు పరిస్థితి ఈ లెక్కలో కనిపించేదానికంటే అధ్వానంగా ఉంటుంది.

పసిపిల్లల రక్తంలో ఏ అంకెకైనా మూడు సంగతులు తెలిస్తేనే అర్థం తెలుస్తుంది: బిడ్డ వయసెంత, జబ్బు మొదలై ఎన్నో రోజు, రక్తం ఎలా తీశారు. ఏ పరీక్ష రాయించుకోవాలన్నదీ ఈ మూడింటిని బట్టే.

ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రక్తం ఎలా ఉంటుంది

పుట్టిన రోజు బిడ్డ రక్తం చాలా చిక్కగా ఉంటుంది. ఊపిరి తీసుకోవడం మొదలయ్యాక అంత హిమోగ్లోబిన్ అవసరం ఉండదు కాబట్టి ఎముక మజ్జ కొన్ని వారాలు తయారీ తగ్గించుకుంటుంది. అందుకే నెలలు నిండి పుట్టిన బిడ్డలో 8 నుంచి 12 వారాల మధ్య హిమోగ్లోబిన్ 9–11కి దిగుతుంది. ఇది జబ్బు కాదు, దీనికి మందు అక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఈ దిగుడు ముందే వస్తుంది, ఇంకా లోతుగా ఉంటుంది. వాళ్ల సంగతి పిల్లల డాక్టరే చూడాలి.

కింది అంకెలు సుమారుగా చెప్పినవి. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు గ్రాముల్లో, తెల్లకణాలు మైక్రోలీటరుకు.

| వయసు | హిమోగ్లోబిన్ | ఎంసీవీ | తెల్లకణాలు |
|---|---|---|---|
| మొదటి రోజు | 14–20 | 95కి పైన | 9,000–30,000 |
| 2 నెలలు | 9–14 | 77కి పైన | 5,000–19,500 |
| 6 నెలలు–2 ఏళ్లు | 10.5–13.5 | 70–86 | 6,000–17,500 |
| 2–5 ఏళ్లు | 11–13.5 | 75–87 | 5,500–15,500 |

ప్లేట్‌లెట్లకు వయసు తేడా పెద్దగా లేదు: 1.5 లక్షల నుంచి 4.5 లక్షలు. పసివాళ్లలో 5 లక్షలు దాటడం తరచూ కనిపిస్తుంది. జలుబో దగ్గో తగ్గిన రెండో, మూడో వారంలోనూ, ఇనుము తక్కువైనప్పుడూ అవి ఇంకా పెరుగుతాయి.

తెల్లకణాల్లో రకాల వాటా గురించే తల్లిదండ్రులు ఎక్కువ భయపడతారు. పెద్దవాళ్లలో న్యూట్రోఫిల్స్ ఎక్కువ, లింఫోసైట్లు తక్కువ. పుట్టిన మొదటి వారం తర్వాత నుంచి నాలుగైదేళ్ల దాకా పిల్లల్లో ఇది తిరగబడి ఉంటుంది. ఏడాది బిడ్డలో లింఫోసైట్లు 60 శాతం ఉండటమే సహజం. అదే బిడ్డ రిపోర్టులో న్యూట్రోఫిల్స్ 65 శాతం అని ఉండి పక్కన ఏ బాణమూ లేకపోతే, పెద్దవాళ్ల లెక్కలో అది నార్మల్, ఆ బిడ్డకు మాత్రం ఎక్కువ. బాక్టీరియా జబ్బు, స్టెరాయిడ్ మందు, ఆఖరికి సూది గుచ్చేటప్పుడు గుక్కపట్టి ఏడవడం కూడా అలా పెంచగలవు.

రక్తహీనత గీత కూడా ఈమధ్యే మారింది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా అందరికీ 11 గ్రాములే హద్దుగా ఉండేది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని రెండుగా విడదీసింది: 6–23 నెలలకు 10.5, 24–59 నెలలకు 11. ఏడు గ్రాముల కంటే తగ్గితే రెండు వయసుల్లోనూ తీవ్రమే. కాబట్టి ఏడాది బిడ్డకు 10.7 వస్తే పాత చార్టులో ‘రక్తహీనత’, కొత్త దాని ప్రకారం కాదు.

అన్నిటికంటే మంచి పోలిక మాత్రం ఏ చార్టులోనూ దొరకదు. అది ఆ బిడ్డదే, ఒంట్లో బాగున్నప్పుడు తీసిన పాత రిపోర్టు. టీకాల కార్డుతో పాటు దాన్ని దాచుకోండి. డెంగీ దగ్గర దాని విలువ తెలుస్తుంది.

వేలి చుక్కా, నరం రక్తమా

వేలి మొన గుచ్చి తీసే చుక్కతో హిమోగ్లోబిన్, చక్కెర, మలేరియా కిట్ పరీక్ష నిమిషాల్లో అయిపోతాయి. అంగన్‌వాడీలో, పీహెచ్‌సీలో, ఊళ్లో పిల్లలందరినీ ఒకేసారి చూడటానికి అదే సరైన దారి. ఒక బిడ్డకు మందు మొదలుపెట్టాలా, ఆపాలా, రక్తం ఎక్కించాలా అని తేల్చాల్సి వచ్చినప్పుడు మాత్రం నరంలోంచి తీసిన రక్తాన్నే నమ్మాలి.

చుక్కలో తప్పు ఎలా దొర్లుతుందో చూడండి. చేయి చల్లగా ఉంటే రక్తం సరిగా రాదు. అప్పుడు వేలిని నొక్కి పిండుతారు. పిండితే కణాల మధ్య ఉండే నీరు కూడా చుక్కలోకి వచ్చి హిమోగ్లోబిన్‌ను తగ్గించి చూపిస్తుంది, ఎర్రకణాలు చితికి పొటాషియం ఎక్కువ చూపిస్తుంది. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా అంతే. ప్లేట్‌లెట్లు గాయం దగ్గర అతుక్కుపోవడం వల్ల చుక్క రక్తంలో వాటి లెక్క తక్కువగా వస్తుంది. డెంగీలో ప్లేట్‌లెట్లకు వేలి చుక్క వద్దనడానికి కారణం ఇదే.

తప్పనిసరిగా చుక్కే తీయాల్సి వస్తే ఇలా చేయాలి. చేతిని గోరువెచ్చని గుడ్డలో రెండు మూడు నిమిషాలు ఉంచాలి. ఆరు నెలల లోపు బిడ్డకు మడమ పక్క భాగంలో, 2 మిల్లీమీటర్ల కంటే లోతు కాకుండా గుచ్చాలి. మడమ నడిమధ్యన ఎముక దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ కూడదు. ఆరు నెలలు దాటి, బరువు 10 కిలోలకు వచ్చినవాళ్లకు మధ్య వేలు లేదా ఉంగరపు వేలు కొసన, కాస్త పక్కకు. స్పిరిట్ పూర్తిగా ఆరాలి. మొదటి చుక్క తుడిచేయాలి. తర్వాతిది దానంతట అది ఊరాలి.

ఈ తేడా ఎంత దూరం పోతుందో దేశవ్యాప్త సర్వేల్లో కనిపిస్తుంది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వేలి చుక్కతో చూసి, 6–59 నెలల పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత ఉందంది. తెలంగాణలో 70, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. అంతకుముందు 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే నరం రక్తం తీసి, 1–4 ఏళ్ల పిల్లల్లో సుమారు 41 శాతమంది. వయసు పరిధి సరిగ్గా ఒకటి కాదు, సంవత్సరాలూ వేరే. అయినా రక్తం తీసిన తీరు ఈ ఎడానికి ఒక పెద్ద కారణమన్న వాదనకు బలముంది. ఒకే బిడ్డ విషయంలోనైతే నియమం సూటిగా ఉంటుంది: జూన్‌లో వేలి చుక్కతో 9.8, ఆగస్టులో నరం రక్తంతో 10.6 వస్తే మందు పనిచేసిందని చెప్పలేం. రెండుసార్లూ ఒకే పద్ధతి, వీలైతే ఒకే ల్యాబు ఉండాలి.

‘బిడ్డలో ఉన్నదే గ్లాసెడు రక్తం, ట్యూబులు ట్యూబులు లాగేస్తున్నారు’ అని అమ్మమ్మలు బాధపడటం సహజం. పిల్లల్లో కిలోకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. పది కిలోల బిడ్డలో 800. సీబీసీకి, అంటే రక్తకణాల లెక్కకు, అర మిల్లీలీటరు పట్టే చిన్న ట్యూబు చాలు, సీఆర్‌పీ, క్రియాటినిన్, లవణాలు కలిపి ఇంకో 1–2, కల్చర్‌కు (రక్తంలోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) 1–3. అన్నీ కలిపినా ఉన్న రక్తంలో ఒక శాతం లోపే. ఐసీయూలో రోజూ తీస్తున్నప్పుడు, బిడ్డ మరీ చిన్నదైనప్పుడు మాత్రం లెక్క రాసిపెట్టుకోవాలి. ఒక్కసారి గుచ్చి కావలసినవన్నీ తీయడమే బిడ్డకు మేలు. అందుకే ఏమేం పరీక్షలు కావాలో గుచ్చకముందే డాక్టరును అడిగి ఖాయం చేసుకోండి.

సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్, ప్రోకాల్సిటోనిన్: మూడూ అక్కర్లేదు

బాక్టీరియా జ్వరమా, వైరస్ జ్వరమా అన్న ప్రశ్నకు, ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉంటే పెరిగే ఈ మూడు కొలతలూ సాయపడతాయి గానీ వాటి వేగాలు వేరు. సీఆర్‌పీ జబ్బు మొదలైన 6–12 గంటలకు పెరగడం మొదలుపెట్టి, రెండో రోజుకు శిఖరానికి చేరుతుంది. జబ్బు తగ్గితే సుమారు 19 గంటలకొకసారి సగమవుతుంది. ప్రోకాల్సిటోనిన్ నాలుగైదు గంటల్లోనే లేస్తుంది. ఈఎస్‌ఆర్ నెమ్మది, లేవడానికి రోజులు, దిగడానికి వారాలు.

మామూలు ఆసుపత్రిలో, మూడు నెలలు దాటిన బిడ్డకు జ్వరం ఒక రోజు దాటాక చేయిస్తుంటే సీఆర్‌పీ సరిపోతుంది. జ్వరం వచ్చిన మూడు గంటలకే చేయించి ‘4 వచ్చింది, బాక్టీరియా లేదు’ అనుకోవడమే పెద్ద పొరపాటు. పరీక్ష తప్పు కాదు, సమయం తప్పు. అనుమానం ఉంటే 12–24 గంటల తర్వాత మళ్లీ చూడాలి. లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉండి బిడ్డ ఆడుకుంటూ ఉంటే ప్రమాదకరమైన బాక్టీరియా జబ్బు ఉండే అవకాశం తగ్గుతుంది. 80 దాటితే గట్టిగా వెతకాలి. మధ్యలో ఉన్నదంతా బూడిద రంగు ప్రాంతమే: అడినోవైరస్ ఒక్కటే సీఆర్‌పీని బాగా పైకి నెట్టగలదు, టీకా వేసిన మర్నాడు కూడా కాస్త పెరుగుతుంది. ఇంకో చిక్కు కొలమానంలో ఉంది. కొన్ని ల్యాబులు లీటరుకు రాస్తాయి, కొన్ని డెసిలీటరుకు. ఒకచోట 4.8, ఇంకోచోట 48 అంటే రెండూ ఒకటే కావచ్చు. రిపోర్టు మార్చుకుని చదివేటప్పుడు ముందు ఈ గడి చూడండి.

ప్రోకాల్సిటోనిన్‌కు ఖర్చు ఎక్కువ. మూడు నెలల లోపు చంటిబిడ్డకు జ్వరం వచ్చినప్పుడు, జ్వరం మొదలై కొన్ని గంటలే అయినప్పుడు దానికి డబ్బు పెట్టడం న్యాయం. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో మాత్రం ఏ జబ్బూ లేకపోయినా అది పెరుగుతుంది, కాబట్టి అప్పటి హద్దులు వేరు. ఈఎస్‌ఆర్‌ను కొత్త జ్వరానికి రాయడం దాదాపు వృథా. రక్తహీనత ఉన్నా చాలు అది పెరుగుతుంది, సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే జబ్బు) ఉంటే తగ్గుతుంది. వారాల తరబడి సాగే జ్వరంలో, క్షయ అనుమానంలో, ఐదు రోజులు దాటిన జ్వరంతో పాటు కళ్లు, పెదాలు ఎర్రబడే కవాసాకి జబ్బులో దానికి పని ఉంది.

ఇక్కడే ఇంకో మాట. రెండేళ్ల లోపు బిడ్డకు కారణం కనిపించని జ్వరముంటే రక్తంతో పాటు, కొన్నిసార్లు రక్తం కంటే ముందు, మూత్రపరీక్ష చేయించాలి. ఆడపిల్లల్లో, చంటివాళ్లలో మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఏ లక్షణమూ లేకుండా జ్వరంగానే వస్తుంది. రక్తంలో సీఆర్‌పీ 90 చూసి ఏదో ఒక యాంటీబయాటిక్ మొదలుపెట్టేస్తే, జబ్బు ఎక్కడుందో తెలిసే అవకాశం పోతుంది.

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం ఉంటే ఏ పరీక్ష మేలని ఇంట్లో ఆలోచించే పని లేదు, ఆసుపత్రికి వెళ్లాలి. ఏ వయసులోనైనా పాలు తాగలేకపోవడం, లేపినా లేవకపోవడం, ఫిట్స్, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి, ఏది తాగినా వాంతి, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం, నొక్కినా పోని ఎర్రమచ్చలు ఉంటే రిపోర్టు కోసం ఆగొద్దు. అలాంటి బిడ్డకు అన్నిటికంటే ముందు చూడాల్సింది రక్తంలో చక్కెర. 45 మిల్లీగ్రాములకు తగ్గితే, బాగా చిక్కిపోయిన బిడ్డలో 54కు తగ్గితే, వెంటనే ఎక్కించాలి. దీనికి వేలి చుక్క చాలు. ల్యాబుకు పంపితే బూడిద రంగు మూత ఫ్లోరైడ్ ట్యూబులో పంపాలి; మామూలు ట్యూబులో కణాలే చక్కెరను తినేసి గంటకు 5–7 శాతం తగ్గించేస్తాయి.

డెంగీ, మలేరియా, టైఫాయిడ్: రోజును బట్టి పరీక్ష

జ్వరం వచ్చిన మొదటి రోజును ఒకటిగా లెక్కపెట్టండి. డెంగీకి ఒకటి నుంచి ఐదో రోజు దాకా ఎన్‌ఎస్1 (వైరస్ ప్రొటీన్‌ను పట్టే పరీక్ష), ఐదు దాటాక ఐజీఎం (ఒళ్లు తయారుచేసే యాంటీబాడీని చూసే పరీక్ష). రెండో రోజున ఐజీఎం నెగటివ్ వస్తే దానివల్ల తెలిసేదేమీ లేదు. ఎన్‌ఎస్1 నెగటివ్ అయినా డెంగీని కొట్టేయలేం, ముఖ్యంగా రెండోసారి సోకినవాళ్లలో.

పరీక్ష పాజిటివా కాదా అన్నదానికంటే బిడ్డను కాపాడేది సీబీసీలో రెండు అంకెలు కలిసి నడిచే తీరు. ఇంట్లో అందరి చూపూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటుంది. ప్లేట్‌లెట్లు 60,000కు పడినా హుషారుగా తాగుతూ తింటూ ఉన్న బిడ్డ సాధారణంగా కోలుకుంటుంది. రక్తస్రావం లేకుండా ఆ స్థాయిలో ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించమని ఏ ప్రామాణిక మార్గదర్శకమూ చెప్పదు. చూడాల్సింది పీసీవీ, అంటే హెమటోక్రిట్, రక్తంలో ఎర్రకణాల వాటా శాతం. డెంగీలో రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది, రక్తం చిక్కబడుతుంది, పీసీవీ పెరుగుతుంది. బిడ్డ మామూలు స్థాయి కంటే 20 శాతం పెరిగిందంటే కారడం గట్టిగా మొదలైనట్టే.

పాత రిపోర్టు అక్కరకొచ్చేది ఇక్కడే. రక్తహీనత ఉన్న బిడ్డ మామూలు పీసీవీ 28. నాలుగో రోజున 34 వచ్చింది. కాగితం మీద 34 మూడేళ్ల బిడ్డకు నార్మలే. కానీ 28కి 20 శాతం కలిపితే 33.6, గీత దాటింది. పాత అంకె తెలియకపోతే ఈ బిడ్డను ‘బాగానే ఉంది’ అని ఇంటికి పంపే ప్రమాదముంది. పాత రిపోర్టు లేనివాళ్లకు ఇప్పటి జ్వరంలో మొదటి రెండు రోజుల్లో తీసిన సీబీసీనే మొదటి గీతగా పెట్టుకోవాలి. మూడో రోజు నుంచి రోజూ ఒకసారి, ఆసుపత్రిలో ఉంటే ఇంకా తరచుగా, ప్లేట్‌లెట్లు, పీసీవీ పక్కపక్కన రాసుకోవాలి. ఒకటి పడుతూ ఇంకోటి లేస్తుంటే అది హెచ్చరిక.

జ్వరం తగ్గిన రోజునే ఎక్కువ జాగ్రత్త కావాలి. మూడు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగేటప్పుడు మొదలయ్యే 24–48 గంటలే డెంగీలో గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, నీరసం, చేతులూ కాళ్లూ చల్లబడటం కనిపిస్తే రిపోర్టులో ఏమున్నా తీసుకెళ్లాలి. పీసీవీ ఉన్నట్టుండి పడితే సంతోషించే ముందు నాడి చూడాలి: బిడ్డ కోలుకుని, మూత్రం బాగా పోస్తూ పడితే మంచిదే, నాడి వేగంగా, నీరసంగా ఉండి పడితే లోపల రక్తం పోతోందని అర్థం. ఈ జ్వరంలో ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్, కండలోకి ఇంజెక్షన్లు వద్దు.

మలేరియాకు కిట్, స్లైడ్ (గాజు పలక మీద రక్తాన్ని మైక్రోస్కోప్‌తో చూడటం) అని రెండు దారులు. పాడేరు, భద్రాచలం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఆశా కార్యకర్త చేతిలో కిట్ ఉంటే అదే మొదట. పావుగంటలో తేలుతుంది, మందు ఆలస్యం కాదు. స్లైడ్‌లో ఏ రకం, ఎంత ఉందో తెలుస్తుంది. ఫాల్సిపారం (మలేరియాలో ప్రమాదకరమైన రకం) కిట్లలో ఎక్కువ భాగం హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. జబ్బు నయమైనా అది కొన్ని వారాలు రక్తంలో ఉండిపోతుంది. నెల క్రితం మలేరియా వచ్చిన బిడ్డకు మళ్లీ జ్వరమొస్తే కిట్ పాజిటివ్‌ను నమ్మకుండా స్లైడ్ చేయించండి. ఒక స్లైడ్ నెగటివ్ వచ్చి అనుమానం పోకపోతే 12–24 గంటలకొకటి చొప్పున మూడు చూడాలి.

టైఫాయిడ్ విషయంలో మా అభిప్రాయం గట్టిది: ఒక్క వైడాల్ పరీక్ష చూసి బిడ్డకు పది రోజుల మందు వాడటం ఆపాలి. వైడాల్‌లో కనిపించే యాంటీబాడీలు రెండో వారంలో గానీ సరిగా లేవవు, పాత జబ్బుల వల్ల కూడా ఉంటాయి, వేరే బాక్టీరియాకూ స్పందిస్తాయి. మూడో రోజు జ్వరంలో వైడాల్ పాజిటివ్ అన్నది దాదాపు ఎప్పుడూ టైఫాయిడ్‌కు రుజువు కాదు. బ్లడ్ కల్చర్ మొదటి వారంలో, యాంటీబయాటిక్ ఒక్క డోసు కూడా పడకముందు తీస్తే సగం మందికి పైగా దొరుకుతుంది, ఏ మందు పనిచేస్తుందో కూడా చెబుతుంది. పిల్లల సీసాలో కనీసం 1–3 మిల్లీలీటర్లు పడాలి. అర మిల్లీలీటరు పోసి నెగటివ్ అనుకుంటే ప్రయోజనం లేదు. కల్చర్ ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా సీబీసీలో ఓ చిన్న ఆధారం దొరుకుతుంది: టైఫాయిడ్‌లో తెల్లకణాలు మామూలుగానో తక్కువగానో ఉండి, వాటిలో ఇయోసినోఫిల్స్ అనే రకం సున్నాకు పడిపోతాయి. అయితే ఇది తెల్లకణాలను ఐదు రకాలుగా లెక్కపెట్టే ఫైవ్ పార్ట్ మిషన్‌లోనో, స్లైడ్ మీదో మాత్రమే కనిపిస్తుంది. త్రీ పార్ట్ మిషన్ ఇయోసినోఫిల్స్‌ను ఇతర కణాలతో కలిపి ‘మిడ్’ అని ఒకే ముద్దగా చూపిస్తుంది. జ్వరం ఐదు రోజులు దాటిన బిడ్డకు ల్యాబు ఎంచుకునే వీలుంటే, ఫైవ్ పార్ట్ ఉండి స్మియర్‌ను (స్లైడ్ మీద పరిచిన రక్తపు పొరను) మనిషి కంటితో చూసే చోటుకు వెళ్లండి. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లలో రెండు రకాలు కలిసి పడిపోయినప్పుడు స్మియర్ తప్పనిసరి. అది చూడకుండా స్టెరాయిడ్ ఇవ్వకూడదు. రక్తక్యాన్సర్ ఉంటే ఆ మందు దాన్ని కొన్నాళ్లు మరుగుపరుస్తుంది.

రక్తహీనత పరీక్షలు: ఇప్పుడా, జ్వరం తగ్గాకా

జ్వరంలో ఉన్న బిడ్డకు ఇనుము పరీక్షలు చేయించడం వల్ల అయోమయమే మిగులుతుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు శరీరం ఇనుమును సూక్ష్మక్రిములకు అందకుండా దాచేస్తుంది. దాంతో సీరం ఐరన్ తగ్గుతుంది, నిల్వను చూపే ఫెరిటిన్ పెరుగుతుంది. ఇనుము లేని బిడ్డకు కూడా ఫెరిటిన్ ‘నార్మల్’ అని వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందుకే ఐదేళ్ల లోపువారికి రెండు గీతలు పెట్టింది: ఆరోగ్యంగా ఉంటే లీటరుకు 12 మైక్రోగ్రాముల లోపు, ఇన్ఫెక్షన్ ఉంటే 30 లోపు ఇనుము లోపంగా లెక్క. ఎంచుకునే వీలుంటే జ్వరం తగ్గిన రెండు మూడు వారాలకు చేయించండి, ఫెరిటిన్‌తో పాటు సీఆర్‌పీ కూడా చూపించండి. రెండిట్లో ఒకటే చేయించగలిగితే సీరం ఐరన్ వద్దు, ఫెరిటిన్ చాలు. సీరం ఐరన్ ఉదయానికీ సాయంత్రానికీ కూడా మారిపోతుంది.

డబ్బు పెట్టకముందే సీబీసీలో ఒక లెక్క చేయవచ్చు. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగించండి. ఎంసీవీ 66, ఎర్రకణాలు 3.9 మిలియన్లయితే 16.9. పదమూడుకు పైన ఉంటే ఇనుము లోపం వైపు మొగ్గు, దానికితోడు ఆర్‌డీడబ్ల్యూ (ఎర్రకణాల సైజుల్లో తేడా) కూడా ఎక్కువగా ఉంటుంది. ఎంసీవీ 58, ఎర్రకణాలు 5.6 మిలియన్లయితే 10.4. పదమూడుకు లోపు ఉంటే తలసీమియా ట్రెయిట్ (ఒక్క జన్యువులోనే లోపం ఉండి, జబ్బు లేని స్థితి) అనుమానించాలి. ఇది మొగ్గు మాత్రమే, తీర్పు కాదు. తేల్చేది హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష. అందులో హిమోగ్లోబిన్ ఏ2 3.5 శాతం దాటితే తలసీమియా ట్రెయిట్. ఇనుము బాగా తక్కువైతే ఏ2 కూడా తగ్గి కనిపించవచ్చు కాబట్టి కొన్నిసార్లు ముందు ఇనుము ఇచ్చి తర్వాత చేయిస్తారు. రక్తం ఎక్కించాల్సిన బిడ్డకైతే ఎక్కించకముందే నమూనా తీసి పెట్టాలి. ఎక్కించాక మూడు నెలల దాకా దాత రక్తం కలిసిపోయి ఫలితం చెడిపోతుంది.

సికిల్‌సెల్‌కూ ఇదే హెచ్‌పీఎల్‌సీ మేలు. తేలిగ్గా అయిపోయే సాల్యుబిలిటీ పరీక్ష ఆరు నెలల లోపు బిడ్డలో పిండదశ హిమోగ్లోబిన్ వల్ల తప్పుగా నెగటివ్ వస్తుంది. పెద్దవాళ్లలోనైనా అది ట్రెయిట్ ఉన్నవారినీ జబ్బు ఉన్నవారినీ వేరుచేయదు. జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్) పరీక్షకు మాత్రం సమయం కీలకం. కళ్లు పచ్చబడి, మూత్రం కాఫీ రంగులో పోస్తూ ఎర్రకణాలు చితుకుతున్న వారంలో చేయిస్తే, కొత్తగా పుట్టిన కణాల్లో ఆ ఎంజైమ్ ఎక్కువ ఉండటంతో ‘నార్మల్’ రావచ్చు. రెండు మూడు నెలలాగి మళ్లీ చూడాలి.

నమూనా దగ్గరే జరిగే తప్పులు

ప్లేట్‌లెట్లు 35,000 అని వచ్చింది, బిడ్డ ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, నిన్న 2 లక్షలున్నాయి. అప్పుడు ముందు అనుమానించాల్సింది ట్యూబును. ఏడ్చే పిల్లల నరం దొరక్క, రక్తం బొట్టుబొట్టుగా వచ్చి ట్యూబులో కలపకముందే సన్నటి గడ్డ కట్టిపోతే ప్లేట్‌లెట్లు దానిలో చిక్కుకుంటాయి. ఈడీటీఏ (రక్తం గడ్డ కట్టకుండా ఆపే మందు) ట్యూబును తీసిన వెంటనే ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, గిలకొట్టకూడదు. కొందరి రక్తంలో ఈడీటీఏ మందుకే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. స్మియర్‌లో గుంపులు కనిపిస్తే నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన లెక్కను 1.1తో గుణించాలి.

ఊదా మూత ఈడీటీఏ ట్యూబులోని రక్తాన్ని ఎర్రమూత ట్యూబులోకి వంచడం ఇంకో అలవాటు. ఈడీటీఏలో పొటాషియం ఉంటుంది, అది కాల్షియంను పట్టేస్తుంది. ఫలితంగా పొటాషియం 8, కాల్షియం 4 అని వచ్చి అందరి గుండెలూ ఆగినంత పనవుతుంది. నరం నుంచి తీసేటప్పుడు వరుస ఇది: కల్చర్ సీసా, నీలం, ఎరుపు, ఊదా, బూడిద. వేలి చుక్కతోనైతే ఊదా మొదట, ఎందుకంటే చుక్క రక్తం త్వరగా గడ్డ కడుతుంది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీస్తే హిమోగ్లోబిన్ పడిపోయి, సెలైన్‌లో డెక్స్‌ట్రోజ్ ఉంటే చక్కెర 400 చూపిస్తుంది. రెండో చేయి వాడాలి.

పరీక్ష చీటీ మీద పేరుతో పాటు వయసు నెలల్లో, జ్వరం ఎన్నో రోజు, వాడుతున్న మందులు, వేలి చుక్కా నరమా, వారంలోపు వేసిన టీకాలు రాయించండి. ఈ ఒక్క వరుస ఉంటే అవతల రిపోర్టు చదివే డాక్టరుకు సగం పని అయినట్టే.

మళ్లీ ఎప్పుడు

సీఆర్‌పీ మందు మొదలైన 24–48 గంటలకు. తగ్గకపోతే మందో, జబ్బు పేరో తప్పు కావచ్చు. డెంగీలో సీబీసీ జ్వరం దిగిన రెండు రోజుల దాకా. వైరస్ జ్వరంలో న్యూట్రోఫిల్స్ పడిపోయి బిడ్డ బాగుంటే రెండు మూడు వారాలకు ఒకసారి. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణిస్తే వచ్చే సంఖ్య 500 లోపుంటే మాత్రం ఆగకూడదు. ఒంటరిగా పెరిగిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, వేలల్లో ఉన్నా, లివర్, కాల్షియం, విటమిన్ డి బాగుంటే రెండు మూడు నెలలకు. ఐదేళ్ల లోపు పిల్లల్లో అది చిన్న జబ్బు తర్వాత ఎగిసి దానంతట అదే దిగిపోతుంది.

ఇనుము చుక్కలు కిలోకు రోజుకు 3 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టినవాళ్లకు నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ చూడాలి. కనీసం 1 గ్రాము పెరగాలి. పెరగకపోతే మొదట అడగాల్సింది ‘చుక్కలు నిజంగా రోజూ పడ్డాయా, పాలతో కలిపి ఇచ్చారా’ అని. పాలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఆ రెండూ సరిగా ఉంటే అప్పుడు హెచ్‌పీఎల్‌సీకి వెళ్లాలి. పెరిగినా మందు అక్కడితో ఆపకూడదు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక నిల్వ నిండటానికి ఇంకో రెండు మూడు నెలలు వాడి, ఆఖరున జ్వరమూ జలుబూ లేని వారం చూసుకుని ఫెరిటిన్ చేయించండి. ఆ రోజు తీసిన సీబీసీ కాగితాన్ని టీకాల కార్డులో పెట్టండి.